హాజరు బ్యాడ్జి

మార్చి నెలాఖరుకి అమెరికాలోని మా మోరిస్‌విల్‌లో పైన్ చెట్లు పుప్పొడి రాలుస్తాయి. కార్లు, గుమ్మాలు, పిల్లల సైకిళ్ళు అన్నీ పసుపు పూసినట్టయిపోతాయి. కిందటేడు అలాంటి ఒక శనివారం నా కారు కడిగించాక మా ఆవిడ విమల కారు కూడా కడిగించుకొద్దామని తీసుకెళ్ళాను. పనిలో పనిగా లోపలంతా దులుపుదామని డిక్కీ తెరిస్తే, గొడుగుల కింద, చేపలు పట్టేవాళ్ళు గాలాలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె ఒకటి కనిపించింది. మా ఇంట్లో చేపలు తినేవాళ్ళమే గాని పట్టేవాళ్ళం ఎవరమూ లేము. మూత తీశాను.

గాలాలు ఉండాల్సిన అరల్లో నగలున్నాయి. ఆకుపచ్చ రాళ్ళ పువ్వు, ఒక రెక్క విరిగిన వెండి పిచ్చుక, సగం ముత్యాలు రాలిపోయిన బ్రోచ్, మసకబారిన చెవిపోగులు. పక్క అరల్లో బ్యాడ్జీలు. నర్సులవి, స్కౌట్ పిల్లలవి, ఏనాడో మూతపడ్డ ఫ్యాక్టరీలవి. ఒక్కోదాన్నీ మెత్తటి పాత గుడ్డముక్కలో చుట్టి పెట్టి ఉంది. ఆ గుడ్డ నా బనీనే.

నాకెందుకంత మతిపోయిందో తెలియాలంటే విమల సంగతి చెప్పాలి. ఆమె ఒంటిమీద బంగారపు పూస కూడా ఉండదు. నర్సాపురంలో వాళ్ళది నగలు పెట్టుకోని సంఘం. కాలేజీలో ఉండగా బాప్తిస్మం తీసుకున్న రోజున చెవుల దుద్దులు తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది, మళ్ళీ ముట్టుకోలేదు. మా పెళ్ళిలో తాళి లేదు, ఉంగరాలు లేవు. దండలు మార్చుకున్నాం, అంతే. మాది బందరు. మా అమ్మ చేతినిండా గాజులు వేసుకుని చర్చికి వెళ్ళే మనిషి. కోడలి బోసిమెడ చూసి మొదట్లో ముఖం మాడ్చుకున్నా, తర్వాత్తర్వాత "నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల" అని వీధంతా చెప్పుకుంది. నేనూ చెప్పుకున్నాను. చీర కావాలనదు, ఫలానా చోటికి వెళ్దామనదు. ఆఫీసులో స్నేహితులు వాళ్ళ ఆవిడల కోరికల గురించి మొత్తుకుంటుంటే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి పెట్టె వంటింటి గట్టుమీద పెట్టాను.

"ఇదెవరిది?"

విమల ఉల్లిపాయలు తరుగుతోంది. ఒకసారి చూసి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "నాదే."

"ఎవరికన్నా ఇవ్వడానికా?"

"కాదు."

"నువ్వు పెట్టుకోవు కదా?"

"పెట్టుకోను."

"మరెందుకు?"

కత్తి ఆపింది. నాకు సర్దిచెప్పడానికి కాదు, తనకే జవాబు కావాలన్నట్టు కాసేపు ఆలోచించింది. "చూస్తానండీ. మీరు ఆఫీస్‌కి, జోసఫిన్ స్కూల్‌కి వెళ్ళాక టేబుల్ మీద అన్నీ పరుచుకుని చూస్తాను. మళ్ళీ లోపల పెట్టేస్తాను."

మళ్ళీ అమ్మి లాభం చేసుకోవడానికి అని ఉంటే నాకు అర్థమయ్యేది. పెట్టుకోవాలని ఉంది గాని సంఘానికి భయపడి దాస్తున్నాను అని ఉన్నా అర్థమయ్యేది. చూడటానికి అంటే ఏమనుకోవాలి? పదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి జోసఫిన్‌ని అడిగితే దానికి ముందే తెలుసట.

"మమ్మీ డ్రాగన్ లాగ, డాడీ," అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ట్రెజర్ మీద కూర్చుంటుంది. వేర్ చెయ్యదు."

నాకు తోచిందల్లా ఒకటే. ఇన్నేళ్ళూ మనసులో కోరిక అణచుకుని ఉంటుంది పాపం అనుకున్నాను. చెవులు ఎప్పుడో పూడిపోయాయి కాబట్టి రంధ్రం అక్కర్లేకుండా తగిలించుకునే బంగారు కమ్మలు ఒక జత ఆర్డర్ చేసి ఆమె ముందు పెట్టాను. విమల డబ్బా తెరిచింది. మొహంలో వెలుగు వస్తుందని చూస్తున్నాను.

"ఇవెందుకు?"

"నీకు ఇష్టం కదాని."

"నేను వదిలేసినవి ఇష్టంగానే వదిలేశానండీ," అంది. గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. "ఇన్నాళ్ళూ ఏడుస్తూ మోస్తున్నాననుకున్నారా?"

కమ్మలు రిటర్న్ చేశాను. తర్వాతి శనివారం తనే నన్ను రాలీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో జరిగే సంతకి తీసుకెళ్ళింది. షెడ్ల నిండా పాత కుర్చీలు, గిన్నెలు, తుప్పుపట్టిన పనిముట్లు. విమల వాటి మధ్యలోంచి సూటిగా నగల బల్లల దగ్గరికి నడిచింది. ఆ నడక నేనెప్పుడూ చూడలేదు. బ్రోచ్ తీసుకుని ముందువైపు చూడలేదు, వెనక్కి తిప్పి కొక్కెం చూసింది. "ముందువైపు అందరికీ చూపించేది. వెనకవైపు అది పెట్టుకున్న మనిషికి మాత్రమే తెలుస్తుంది. చూడండి, ఈ సూది ఎన్నిసార్లు వంగిందో, ఆవిడ ఎన్నిసార్లు తిన్నగా చేసుకుందో," అంది. నేను చూశాను. నాకు వంగిన సూది కనబడింది.

ఏప్రిల్‌లో ఈస్టర్ వచ్చింది.

మా తెలుగు సంఘానికి సొంత భవనం లేదు. కేరీలో ఒక పాత ఇటుకల చర్చిలో, అమెరికన్ సంఘం ఉదయం ఆరాధన ముగించుకున్నాక మధ్యాహ్నం మేము కూడుకునేవాళ్ళం. వాళ్ళు ఒకప్పుడు వందల మంది ఉండేవారట. అప్పటికి రెండు బెంచీలు కూడా నిండేవి కాదు, అందరూ పెద్దవాళ్ళే. ఈ వేసవి తర్వాత చర్చి మూసేస్తున్నామని వాళ్ళు చెప్పారు. చివరి ఈస్టర్ కనక రెండు సంఘాలూ కలిసి చేద్దామన్నారు.

ఆ రోజు మిస్ ఎడ్నా లేత నీలం గౌను వేసుకుని చేతికర్రతో వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, చర్చి వెనక వీధిలోనే ఒంటరిగా ఉండేది. ఎడమ భుజం కింద ఒక బ్యాడ్జి పెట్టుకుంది. గుండ్రటి తెల్ల ఎనామెల్, చుట్టూ పూత పోతున్న ఆకుల దండ, దాని కింద చిన్న చిన్న రేకులు ఒకదానికొకటి తగిలించుకుని నిచ్చెనలా జానెడు పొడవు వేలాడుతున్నాయి. చిన్నప్పుడు ఒక్క ఆదివారం కూడా మానకుండా సండేస్కూల్‌కి వస్తే ఏడాదికొక రేకు ఇచ్చేవారట. ఆవిడ కదిలినప్పుడల్లా అవి సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

ప్రసంగం నడుస్తుండగా విమల వైపు చూశాను. కళ్ళార్పకుండా ఆ బ్యాడ్జినే చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చూపు నావైపు గాని, వండిన కూర వైపు గాని, కట్టుకున్న ఇంటి వైపు గాని తిరగ్గా నేనెరగను.

భోజనాల దగ్గర వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. "పట్టుకుని చూడొచ్చా?" అని అడిగింది. మిస్ ఎడ్నా తీయకుండానే ముందుకి వంగింది. ఆవిడ ఇంగ్లీషులో చెప్పిందాన్ని నా తెలుగులో చెబుతున్నాను: "అప్పట్లో దేవుడున్నాడో లేడో నాకు తెలిసేది కాదమ్మా. నేను మాత్రం ఉన్నాను."

ఆ వారం నుంచి గురువారాలు మొదలయ్యాయి. విమల ఆవిణ్ణి కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేది, మందులు తెచ్చేది, కారం తగ్గించి చికెన్ కూర పట్టుకెళ్ళేది. మా సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. సంఘపెద్ద సత్యానందంగారైతే ఒక ఆదివారం ప్రార్థనలో పేరు పెట్టి మరీ చెప్పారు. ఆయన అలా చెబుతున్నప్పుడు విమల తల దించుకుంది. అణకువ అనుకున్నాను.

మే నెలలో ప్రార్థన కూటం మా ఇంట్లో పడింది. పెద్దవాళ్ళం హాల్లో, పిల్లలు మేడమీద. సత్యానందంగారు కళ్ళు మూసుకుని చివరి ప్రార్థన చేస్తున్నారు. మెట్లమీద గలగల చప్పుడు వినిపించింది. ఒకరొకరే కళ్ళు తెరిచారు. ఐదేళ్ళ ఆద్య, మా పక్కింటివాళ్ళ పాప, దిగివస్తోంది. గౌను కనబడకుండా బ్రోచ్‌లు, బ్యాడ్జీలు గుచ్చుకుంది. నెత్తిమీద వెండి పిచ్చుక ఉంది.

"నేను క్వీన్," అంది.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆద్య వాళ్ళమ్మ లేచి, "ఎక్కడివే ఇవి?" అని గట్టిగా అడిగింది.

"విమల ఆంటీ రూమ్‌లో బాక్స్‌లోవి."

అందరూ విమల వైపు తిరిగారు. అది తనది కాదంటుందేమోననీ, ఎవరో దాచమన్నారంటుందేమోననీ నేను ఎదురుచూశాను. "నావేనండి," అంది విమల. వెళ్ళి పాప ముందు కూర్చుని, ఒంటికి సూది గుచ్చుకోకుండా ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది.

మర్నాడు సాయంత్రం సత్యానందంగారు ఒక్కరే వచ్చారు. చెడ్డమనిషి కాదు. మాకు ఈ ఊళ్ళో మొదట అద్దె ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. టీ చల్లారిపోయే దాకా కప్పు చేత్తో పట్టుకునే కూర్చున్నారు.

"పెట్టుకోవడం లేదు కదా అంటావేమో విమలమ్మా. పెట్టుకోని నగ కూడా నగేనమ్మా."

"అవునండి."

"మరి?"

"నాకూ తెలియడం లేదండి."

ఆ జవాబుకి ఆయన సిద్ధంగా లేరు. వాదిస్తుందనో, ఒప్పుకుంటుందనో అనుకుని వచ్చినట్టున్నారు. నావైపు చూశారు. నాదీ అదే అవస్థ. "పిల్లలు చూశారు కదా," అన్నారు చివరికి. "కొన్నాళ్ళు సండేస్కూల్ వేరేవాళ్ళు చూసుకుంటారు. రెస్ట్ తీసుకో." విమల సరేనంది. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, ఆయన వెళ్ళగానే పాఠాల బొమ్మలన్నీ సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదో మాత్రం తేల్చుకోలేకపోయాను. "అవన్నీ ఇచ్చేస్తే పోతుంది కదా. వాటికోసం ఇంత దూరం తెచ్చుకోవాలా?" అన్నాను.

"అవి కాదండీ గొడవ," అంది. కూర్చోమన్నట్టు కుర్చీ చూపించింది. "అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు కదా, మిస్ ఎడ్నాకి సేవ చేస్తున్నానని. నేను ఆవిడ కోసం వెళ్తున్నానా, ఆ బ్యాడ్జి కోసం వెళ్తున్నానా?"

"రెండూ కావచ్చుగా."

"మొన్న ఆవిడకి దగ్గు తెర వచ్చింది. ఊపిరాడక మొహం ఎర్రబడిపోయింది. నీళ్ళు తేవడానికి లేచాను. లేస్తూ నేను ముందు చూసింది అద్దం పక్కన ఆ బ్యాడ్జి ఉందా లేదా అని." చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "సత్యానందంగారికి చెప్పాల్సింది ఇదండీ. ఆయన అడిగింది వేరే."

"అడిగెయ్యి," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "ఆ బ్యాడ్జి ఇమ్మని ఆవిణ్ణే అడిగెయ్యి."

జూన్‌లో ఒక గురువారం నేను సెలవు పెట్టి తనతో వెళ్ళాను. మిస్ ఎడ్నా వరండాలో ఫ్యాన్ కింద కూర్చుని ఉంది. అప్పటికి బాగా చిక్కిపోయింది. ఆ ఎండ గురించీ, చర్చి కొనడానికి వచ్చినవాళ్ళ గురించీ నేను ఏదో మాట్లాడుతుంటే, విమల మధ్యలో అడిగేసింది.

"మిస్ ఎడ్నా, ఆ బ్యాడ్జి నాకిస్తారా?"

నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది నాకు. ముసలావిడ కళ్ళజోడు సవరించుకుని విమలని చూసింది.

"ఇవ్వను," అంది. "దాన్ని పెట్టుకునే పోతాను. ఈ చెవులతో వాళ్ళు పైన ఏం అడుగుతారో నాకు వినబడదు. దాన్ని చూసి తెలుసుకుంటారు." తర్వాత, "నువ్వెప్పుడు అడుగుతావా అని ఈస్టర్ నుంచి చూస్తున్నాను. ఇక నిమ్మళంగా టీ పెట్టు," అంది.

విమల లోపలికి వెళ్ళి టీ పెట్టింది. తిరిగి వస్తూ కారులో ఒకసారి నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. సిగ్గో, బరువు దిగడమో, బాధో తెలియలేదు. ఒక సంగతి మాత్రం తేలిపోయింది, ఇక గురువారాలు ఉండవు అనుకున్నాను. తర్వాతి గురువారం పొద్దున్నే చూస్తే చికెన్ డబ్బాలో సర్దుతోంది.

"ఇంకా ఎందుకు వెళ్ళడం?" అన్నాను.

"గురువారం కదండీ," అంది.

జులై అంతా అలాగే గడిచింది. ఆగస్టు మొదటివారంలో మిస్ ఎడ్నా నిద్రలోనే పోయింది. ఆవిడ ఫ్రిజ్ మీద అంటించి ఉన్న ఫోన్ నంబర్ విమలదట. ఒహాయో నుంచి అన్న కొడుకు రస్సెల్ వచ్చి ఫోన్ చేశాడు. అరవై దాటిన మనిషి, అత్తని చూసి ఏళ్ళయిందట. జనం రాకముందే ఆవిణ్ణి ఉంచిన ఫ్యునరల్ హోమ్‌కి ఒకసారి రాగలరా, బట్టలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆడవాళ్ళు చూస్తే బాగుంటుంది అన్నాడు. ఇద్దరం వెళ్ళాం.

శవపేటికలో ఆ లేత నీలం గౌనే వేసి పడుకోబెట్టారు. ఎడమ భుజం కింద ఏమీ లేదు. విమల వంగి కాలర్ సర్దింది. జుట్టు చెవి వెనక్కి తీసింది. రస్సెల్ జేబులోంచి టిష్యూ పేపర్ పొట్లం తీశాడు.

"అత్త ఫోన్‌లో మీ గురించి చెప్పేది. మీరు ఇలాంటివి దాచుకుంటారట కదా. మా పిల్లలకి దీని విలువ తెలియదు. మీరే ఉంచుకోండి," అని విమల అరచేతిలో పెట్టాడు.

రేకులు చిన్నగా చప్పుడు చేసి ఆగిపోయాయి. ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం. మిస్ ఎడ్నా వరండాలో అన్న మాట విన్నది నేనూ, విమలా. ఇంకెవరికీ తెలియదు. విమల దాన్ని వెనక్కి తిప్పింది. కొక్కెం చూసింది, వేలితో సూది తడిమింది. అప్పుడు ఆమె మొహంలో నాకు ఈస్టర్ నాటి చూపే కనబడింది, అంతకంటే ఎక్కువగా కనబడింది. తీసుకుంటుంది అనుకున్నాను. తీసుకుంటే నేనేమీ అనకూడదని కూడా అనుకున్నాను. అలా ఎందుకనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

"దీని కొక్కెం వదులైంది. ఇలా పెడితే జారిపోతుంది," అంది విమల ఇంగ్లీషులో. పర్సులోంచి చిన్న పట్టకారు తీసి కొక్కేన్ని కొద్దిగా నొక్కింది. లాగి చూసింది. మళ్ళీ నొక్కింది. తర్వాత పెట్టె మీదికి వంగి, గౌను బట్ట రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, సూది గుచ్చి, రేకులు ఒకదానిమీద ఒకటి పడకుండా వరసగా సర్దింది. రస్సెల్ ఏదో అనబోయి, ఆమె చేతులు చూసి ఊరుకున్నాడు.

ఖననం రాలీకి అవతల, వాళ్ళ అమ్మానాన్నల సమాధుల పక్కన. వచ్చినవాళ్ళు తక్కువ. సత్యానందంగారు కూడా వచ్చారు. అందరిలా పెట్టె దగ్గరికి వెళ్ళి చూశారు, బ్యాడ్జి చూశారు, విమలని చూశారు. మూత వేసే దాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు, "సెప్టెంబర్ నుంచి స్కూల్ జిమ్‌లో కలుసుకుంటున్నామమ్మా. పిల్లలు నీ గురించి అడుగుతున్నారు," అన్నారు. "చూద్దామండి," అంది విమల. ఆ 'చూద్దామండి' లో వస్తాననీ లేదు, రాననీ లేదు.

తిరిగొస్తూ హైవే ఎక్కాం. ఆమె గొప్ప పని చేసిందని చెప్పాలనిపించింది. చెప్పబోయే లోపల తనే అంది:

"మట్టి వేస్తున్నప్పుడు కూడా నాకు అది కావాలనే ఉందండీ. ఇప్పుడు కూడా కావాలనే ఉంది."

నేను అనుకుని పెట్టుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. కాసేపటికి నా నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెని నేనెప్పుడూ అడగని ప్రశ్న. అడగక్కర్లేదని గర్వంగా చెప్పుకున్న ప్రశ్న.

"ఇంకేం కావాలి నీకు?"

జోక్ చేస్తున్నానేమోనని నావైపు చూసింది. తర్వాత కారు ముందద్దంలోంచి రోడ్డు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క ఆదివారమన్నా అందరికీ పులావ్ వండుకెళ్ళకుండా వెనక బెంచీలో ఖాళీ చేతులతో కూర్చోవాలని ఉందంది. గోదావరి ఒడ్డున పుట్టీ ఈత రాదు, నేర్చుకోవాలంది. నన్ను ఒకసారి పేరు పెట్టి పిలవాలంది. "జూడ్," అని అక్కడికక్కడే మెల్లగా అని చూసి, ఎలా ఉందో తేల్చుకోలేనట్టు తల అడ్డంగా ఊపింది. ఒక వారం పాటు ఎవరూ లేనిచోట ఒక్కతే ఉండాలంది.

"ఒక్కదానివే ఎందుకు?" అన్నాను. ఎక్కడో చురుక్కుమంది నాకు.

"తెలీదు. కావాలని మాత్రం తెలుసు."

కొన్ని విని నవ్వొచ్చింది, కొన్ని అర్థమయ్యాయి, చాలా అర్థం కాలేదు. హైవే దిగి మా ఇంటికి తిరిగే ఎగ్జిట్ బోర్డు దగ్గరికొచ్చింది. తను ఇంకా చెబుతూనే ఉంది. నేను ఇండికేటర్ వేయలేదు.